అసలు కాపీ ఎవరి దగ్గరుంది?

2003 నవంబరులో లైనక్స్ కెర్నెల్ సోర్స్ కోడ్‌లోకి ఎవరో రెండు లైన్లు దూర్చారు. లక్షల లైన్ల ప్రోగ్రాములో రెండంటే రెండు. పైపైన చూస్తే అదేదో మామూలు తనిఖీలాగే ఉంటుంది: ఫలానా రెండు ఆప్షన్లు కలిపి ఇచ్చి, ఇచ్చినవాడి యూజర్ నంబరు సున్నా అయితే తప్పు అని చెప్పు, అంతే. లైనక్స్‌లో సున్నా నంబరు అంటే కంప్యూటర్ యజమాని, సర్వాధికారి. అయితే అక్కడ "==" అని ఉండాల్సిన చోట "=" అని ఒక్కటే ఉంది. సీ భాషలో మొదటిది "సమానమా?" అని అడగడం. రెండోది "సమానం చేసెయ్" అని చెప్పడం. ఒక్క గుర్తు తగ్గేసరికి ప్రశ్న కాస్తా ఆజ్ఞ అయిపోయింది. ఆ కిటుకు తెలిసినవాడు మామూలు యూజర్‌గా లాగిన్ అయి, ఆ రెండు ఆప్షన్లూ ఇస్తే చాలు, మిషను మొత్తానికి యజమాని అయి కూర్చుంటాడు.

దీన్ని ఎవరో మేధావి కోడ్ చదివి పట్టుకోలేదు. అప్పట్లో లైనక్స్ అసలు కోడ్ బిట్‌కీపర్ అనే సిస్టమ్‌లో ఉండేది. దాని లైసెన్సు గిట్టనివాళ్ల కోసం సీవీఎస్ అనే పాత సిస్టమ్‌లో ఒక నకలు పెట్టారు. దొంగ దూరింది నకలున్న సర్వర్లోకి, మార్చింది నకల్లో. బిట్‌కీపర్ నుంచి సీవీఎస్‌లోకి దిగే ప్రతి మార్పుకీ "అసల్లో ఇది ఫలానా మార్పు" అని ఒక ఆనవాలు ఉంటుంది. దీనికి లేదు. రెంటినీ పోల్చి చూసేసరికి తేడా బయటపడింది. చేసిందెవరో ఈరోజుకీ లోకానికి తెలియలేదు.

పోల్చి చూడ్డానికి రెండోది లేకపోయుంటే? ఆ ప్రశ్న కోసమే ఈ వారం కాలమ్.

ఈ సీవీఎస్, బిట్‌కీపర్, సబ్‌వర్షన్, గిట్ అనేవాటన్నిటినీ కలిపి వెర్షన్ కంట్రోల్ సిస్టమ్స్ అంటారు. పేరు గంభీరంగా ఉంది గానీ పని అర్థం కానిదేం కాదు. ప్రోగ్రాములో ఏ లైను ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రాసిపెట్టే దస్త్రం. నిన్నటి రూపం కావాలంటే నిన్నటిది, పదేళ్ల కిందటిది కావాలంటే పదేళ్ల కిందటిది తీసి చేతిలో పెడుతుంది. సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేనివాళ్లు కూడా దీని బీద చుట్టాన్ని చూసే ఉంటారు. పెళ్లి శుభలేఖ డీటీపీ చేయించేటప్పుడు "ఫైనల్", "ఫైనల్ 2", "ఇదే ఫైనల్", "బాబాయి కరెక్షన్ చేసింది" అని వరసగా ఫైళ్లుంటాయి చూడండి, అది. చివరికి ప్రింటుకెళ్లింది ఏదో పెళ్లయ్యాక గానీ తెలీదు.

గుంటూరులో మా మిత్రుడికి ఒక చిన్న కంపెనీ ఉంది. ఎనిమిది మంది. మిర్చి కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ రాసిస్తారు. ఏ రైతు ఎన్ని టిక్కీలు పెట్టాడు, ఏ లాటు, ఏ గది, ఎప్పుడు తీశాడు, అద్దె ఎంత, సరుకు మీద అప్పు తీసుకుంటే వడ్డీ ఎంత... ఇదీ వాళ్ల ప్రపంచం. 2008 నుంచీ వాళ్ల కోడంతా సబ్‌వర్షన్‌లో ఉంది. ఆఫీసు మూల బల్ల కింద కూర్చున్న ఒక ముసలి కంప్యూటరే సర్వరు. కొత్తగా చేరిన కుర్రాళ్లకు తెలిసింది గిట్ ఒక్కటే. "సార్, ఇప్పుడు ఎస్‌వీఎన్ ఎవరు వాడుతున్నారు సార్?" అని వాళ్లు. "ఇన్నేళ్లలో ఒక్కరోజు ఏడిపించలేదురా, దాన్ని కదపడమెందుకు?" అని ఈయన. నువ్వు కాలమ్‌లు రాస్తావుగా, వచ్చి తేల్చు అని నన్ను పంచాయతీకి పిలిచాడు.

తీర్పుకన్నా ముందు వంశవృక్షం కొంచెం చెప్పాలి. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ అనే ఆయన ఎస్‌సీసీఎస్ అని మొదలుపెట్టాడు. తర్వాత 1982లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ నుంచి ఆర్‌సీఎస్ వచ్చింది. దీంట్లో ఒక తెలివైన పని చేశారు. ఎక్కువమంది అడిగేది తాజా రూపమే కాబట్టి దాన్ని పూర్తిగా దాచి, పాతవాటిని వెనక్కి నడిచే తేడాలుగా దాచారు. కాకపోతే ఈ రెండింట్లోనూ ఫైలుకి తాళం పద్ధతి. నేను ఫైలు తీసుకుంటే తాళం నా దగ్గర. నేను తిరిగి పెట్టేదాకా మీరు దాని మీద చెయ్యి వెయ్యలేరు. తాళం పెట్టుకుని సంక్రాంతికి ఊరెళ్లినవాడి కోసం ఆఫీసంతా కనుమ దాకా ఎదురు చూడాలన్నమాట.

1986లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పాఠాలు చెప్పే డిక్ గ్రూన్ ఈ తాళం గొడవ వదిలించుకోవాలని సీవీఎస్ మొదలుపెట్టాడు. అందరూ ఒకే ఫైలు మీద పనిచేయొచ్చు, చివర్లో కలుపుకుందాం అన్నది దాని పద్ధతి. ప్రపంచం అంతా దాన్నే వాడింది, దాన్నే తిట్టుకుంది. పది ఫైళ్లు ఒకేసారి పంపిస్తుంటే మధ్యలో నెట్‌వర్క్ పోతే ఐదు ఎక్కి ఐదు మిగిలిపోయేవి. ఫైలు పేరు మారిస్తే దాని చరిత్ర పాత పేరు దగ్గరే తెగిపోయేది. ఆ లోపాలు తీర్చడానికే 2000లో సబ్‌వర్షన్ మొదలైంది, 2004 ఫిబ్రవరిలో మొదటి పూర్తి వెర్షన్ వచ్చింది. పది ఫైళ్లు పంపిస్తే పదీ ఎక్కుతాయి, లేదా ఒక్కటీ ఎక్కదు. ప్రతి మార్పుకీ వరస నంబరు. ఒకటి, రెండు, మూడు... అలా.

ఇప్పటిదాకా చెప్పినవాటన్నిటికీ ఒక పోలిక ఉంది. అసలు దస్త్రం ఒక్కచోటే ఉంటుంది. మన ఊళ్లలో కరణం ఉండేవాడే, అచ్చం అలాగ. ఊరి భూముల లెక్కంతా ఆయన ఇంట్లో పెట్టెలో. ఎవరికేం కావాలన్నా ఆయన గుమ్మం దగ్గరకే వెళ్లాలి. కరణం మంచివాడైతే ఊళ్లో తగువే లేదు. కాకపోతే ఆయన కలం గీసిందే సరిహద్దు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వ్యవస్థని రద్దు చేసినప్పుడు ఎంత గోల జరిగిందో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. సబ్‌వర్షన్ మంచి కరణం. నిజంగానే మంచి కరణం. ఆ మాట తర్వాత చెప్తాను.

గిట్ వేరే ఇంట్లో పుట్టింది, కోపంలో పుట్టింది. 1991లో లైనక్స్ మొదలైన దగ్గర్నుంచి పదేళ్లపాటు దానికి ఏ వెర్షన్ కంట్రోలూ లేదు. ప్రపంచం నలుమూలల నుంచి మార్పులు ఈమెయిల్లో వస్తే లైనస్ టోర్వాల్డ్స్ చూసి, కలిపి, మొత్తం మూట కట్టి విడుదల చేసేవాడు. సీవీఎస్ అంటే ఆయనకి ఒళ్లుమంట. 2002లో బిట్‌కీపర్‌కి మారాడు. అది ఒక ప్రైవేటు కంపెనీ సరుకు, లైనక్స్ వాళ్లకి షరతులతో ఉచితం. మాకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అని చెప్పుకుంటూ పరాయివాడి తాళం వేసుకోవడమేంటి అని సొంత మనుషులే గొణిగారు. 2005లో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ప్రోగ్రామర్ బిట్‌కీపర్ సర్వర్‌తో మాట్లాడే సొంత ప్రోగ్రాము రాయబోయాడు. కంపెనీ యజమాని లారీ మెక్‌వాయ్‌కి అది నచ్చలేదు. ఉచితం రద్దు అన్నాడు. ట్రిడ్జెల్ చేసిన ఘోరం ఏంటో తర్వాత ఆయనే ఒక సభలో చూపించాడు. సర్వర్‌కి కనెక్ట్ అయి "హెల్ప్" అని టైపు చేశాడు. సర్వర్ తనకు తెలిసిన కమాండ్లన్నీ పాపం మర్యాదగా చెప్పేసింది.

సరే, లైనస్ ఏప్రిల్ 3న సొంతది రాయడం మొదలుపెట్టాడు. ఏప్రిల్ 7కల్లా గిట్ తన కోడ్‌ని తానే దాచుకునే స్థితికి వచ్చింది. జూన్‌లో లైనక్స్ కెర్నెల్ విడుదలే దాంతో జరిగింది. గిట్ అంటే బ్రిటిష్ వాడుకలో పనికిమాలినవాడు, చిరాకు మనిషి అని. నా ప్రాజెక్టులన్నిటికీ నా పేరే పెట్టుకుంటాను అని లైనస్ తనమీద తనే జోకేసుకున్నాడు. అదే ఏప్రిల్‌లో, అదే కారణంతో మెర్క్యురియల్ అని ఇంకొకటి పుట్టింది. వాడటానికి గిట్ కంటే అదే తేలిక అని నా అభిప్రాయం. పైథాన్ భాష వాళ్లు కూడా 2011లో సబ్‌వర్షన్ నుంచి దానికే వెళ్లారు. 2017లో మళ్లీ గిట్‌కి వచ్చేశారు, ఎందుకంటే జనం అక్కడున్నారు. మంచి హోటల్ ఖాళీగా ఉండటం, పక్కన దానికి క్యూ ఉండటం మనం చూడనిదేం కాదు.

గిట్‌లో కరణం లేడు. ప్రతి ప్రోగ్రామర్ ల్యాప్‌టాప్‌లోనూ మొత్తం చరిత్ర ఉంటుంది, తాజా కోడ్ ఒక్కటే కాదు. ఊళ్లో ప్రతి రైతు ఇంట్లోనూ ఊరంతటి అడంగల్ నకలున్నట్టు. నెట్ లేకపోయినా పనిచేస్తుంది. సబ్‌వర్షన్‌లో అయితే "పోయిన నెల ఈ ఫైల్లో ఏం మారింది?" అని అడగాలన్నా సర్వర్ దొరకాలి. మా మిత్రుడి కుర్రాళ్లు ఊరి బయట కోల్డ్ స్టోరేజీలో కూర్చుని, సిగ్నల్ లేక, పని మొత్తం అయ్యాక ఆఫీసుకొచ్చి ఒకేసారి పంపిస్తారు. మూడు రోజుల పని ఒకే మార్పుగా ఎక్కుతుంది. అందులో ఏది ఎందుకో తర్వాత ఎవడికీ తెలీదు. ఇది చిన్న విషయం కాదు.

పాయలు చీల్చి కలపడంలో కూడా తేడా ఉంది. ఒక కోల్డ్ స్టోరేజీ కోసం కోడ్‌ని పక్కకి చీల్చి, తర్వాత అసలుతో కలపాలనుకోండి. సబ్‌వర్షన్‌లో 2008లో 1.5 వెర్షన్ వచ్చేదాకా, ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా కలిపామో మనమే ఎక్కడో రాసుకోవాలి. మర్చిపోతే కలిపిందే మళ్లీ కలుపుతాం. గిట్‌లో కలిపిన చోట ఆ మార్పుకి ఇద్దరు తల్లిదండ్రులు ఉంటారు. ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, అందులోనే రాసి ఉంటుంది. కుర్రాళ్లు గిట్‌ని ప్రేమించేది ఇందుకే. న్యాయమే.

ఇక అసలు సంగతి. గిట్‌లో ప్రతి మార్పుకీ 40 అక్షరాల వేలిముద్ర ఒకటి పడుతుంది. ఆ వేలిముద్ర కోడ్‌ని బట్టి, రాసినవాడి పేరుని బట్టి, తేదీని బట్టి, అంతకుముందు మార్పు వేలిముద్రని బట్టి లెక్కకట్టేది. అంటే 2012 నాటి మార్పులో ఒక్క కామా కదిలిస్తే దాని ముద్ర మారుతుంది, దాంతో తర్వాతిది, దాంతో ఆ తర్వాతిది, ఈరోజు దాకా అన్నీ మారతాయి. 2011 ఆగస్టులో లైనక్స్ కోడ్ ఉండే కెర్నెల్ డాట్ ఆర్గ్ సర్వర్లలోకి దొంగలు పడ్డారని తెలిసినప్పుడు జనం గుండెలు బాదుకోకపోవడానికి కారణం ఇదే. వేలమంది దగ్గర అదే చరిత్ర, అవే ముద్రలు ఉన్నాయి. మారిస్తే మర్నాడే తెలిసిపోతుంది. 2003లో అదృష్టం కొద్దీ రెండో కాపీ ఉండి దొరికింది. 2011కి ఆ అదృష్టాన్నే సిస్టమ్‌లో భాగం చేసేశారు.

ఇదంతా చెప్తే కుర్రాళ్లు మా మిత్రుడి వైపు గెలిచిన మొహాలతో చూశారు. అప్పుడు వాళ్లలో ఒకడి ల్యాప్‌టాప్ అడిగి తీసుకున్నాను. గిట్‌లో పేరు అన్నచోట మా మిత్రుడి పేరు పెట్టాను. తేదీ 1977 ఏప్రిల్ 28 అని పెట్టాను, అడవి రాముడు రిలీజైన రోజు. ఒక పిచ్చి లైను రాసి కమిట్ కొట్టాను. తర్వాత చరిత్ర తీసి చూపిస్తే, మా మిత్రుడు ఎన్టీఆర్ సినిమా విడుదలనాడు కోల్డ్ స్టోరేజీ అద్దె సూత్రం మార్చినట్టు చక్కగా కనబడింది. వేలిముద్ర కూడా పడింది.

గిట్ వేలిముద్ర చెప్పేది "ఈ దస్త్రం రాసిన తర్వాత మారలేదు" అని మాత్రమే. "రాసింది ఫలానావాడే" అని కాదు. పేరూ తేదీ రాసినవాడు చెప్పుకున్నవే. సబ్‌వర్షన్‌లో అలా కుదరదు. పాస్‌వర్డ్‌తో సర్వర్లోకి వెళ్లాలి, పేరు సర్వరే రాస్తుంది, గంట సర్వర్ గడియారం చూసే రాస్తుంది. మంచి కరణం అన్నది ఇందుకే. కాకపోతే ఆ సర్వర్ తాళాలున్న మనిషి దస్త్రాన్నే మార్చేస్తే పట్టుకోడానికి దానికి వేలిముద్రల గొలుసు లేదు. గిట్‌లో చరిత్ర తిరగరాయడం అతి తేలిక, ఎవరైనా చేయొచ్చు, కానీ రహస్యంగా చేయలేరు. సబ్‌వర్షన్‌లో తిరగరాయడం కష్టం, కానీ సర్వర్ చేతిలో ఉన్నవాడు తలచుకుంటే రహస్యంగా చేయగలడు. ఏది వేగం, ఏది తేలిక అనే జాబితాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. ఈ ముక్క మాత్రం వాటిలో నాకు పెద్దగా కనబడలేదు.

గుంటూరు కంపెనీకి ఇది ఎందుకు ముఖ్యమో మా మిత్రుడే చెప్పాడు. కొన్నేళ్ల కింద ఒక కోల్డ్ స్టోరేజీలో తగువొచ్చింది. ఒక రైతు సీజన్ దాటాక పది రోజులకి సరుకు తీశాడు. అదనపు అద్దె నెల మొత్తానికి వేశారు. "మొదట్లో సగం నెలకే అన్నారు గదయ్యా" అని రైతు. తీసిన టిక్కీలు తక్కువేం కాదు, రైతు ఇంటికి అది బరువైన మొత్తమే. స్టోరేజీ యజమాని చేతులు దులుపుకుని, ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ల పొరపాటు, నష్టం వాళ్లే కట్టాలి అన్నాడు. మా మిత్రుడు ఆఫీసుకొచ్చి ఆ లైను ఎవరు మార్చారని సబ్‌వర్షన్‌ని అడిగాడు. 1873వ నంబరు మార్పు. రాసిన అమ్మాయి అప్పటికే ఉద్యోగం మారి డల్లాస్ వెళ్లిపోయింది. కానీ మార్పు పక్కన ఆమె రాసిన మాట ఉంది: "ఓనర్‌గారు ఫోన్ చేశారు. సగం నెల లెక్క తీసేయమన్నారు." తేదీ, టైముతో సహా. ఆ కాగితం ప్రింటు తీసి యజమాని ముందు పెడితే ఆయన ఇంకేం మాట్లాడలేదు. రైతుకి తేడా డబ్బు తిరిగొచ్చింది.

ఇప్పుడు కుర్రాళ్ల ప్లాన్ ఏంటో వినండి. సబ్‌వర్షన్ నుంచి తాజా కోడ్ కాపీ చేసుకుని, కొత్త గిట్‌లో మొదటి కమిట్‌గా పెట్టేసి, బల్ల కింద ముసలిదాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చేయడం. ఒక్క పూటలో అయిపోతుంది సార్ అన్నారు. నిజమే, అయిపోతుంది. 1873తో సహా అన్నీ అయిపోతాయి. ప్రతి లైనూ ఆ రోజు కాపీ కొట్టిన కుర్రాడే రాసినట్టు కనబడుతుంది. చాలా కంపెనీల్లో గిట్‌కి మారడం అంటే జరుగుతున్నది ఇదే. నా కోపమంతా ఈ పద్ధతి మీదే గానీ గిట్ మీద కాదు.

ఇంకో భ్రమ కూడా ఉంది. గిట్‌లో అందరి దగ్గరా కాపీ ఉంటుంది కాబట్టి బ్యాకప్ అక్కర్లేదని. 2013 మార్చిలో కేడీఈ అనే పెద్ద స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థకి ఈ ముచ్చట తీరబోయింది. వాళ్ల ప్రధాన సర్వర్‌ని అప్‌డేట్ కోసం ఆపి లేపితే ఫైల్ సిస్టమ్ పాడైంది. అక్కడ దాదాపు 1500 ప్రాజెక్టులున్నాయి. పోనీలే, అద్దం లాంటి నకలు సర్వర్లు చాలా ఉన్నాయి కదా అనుకుంటే, అద్దం పని అద్దం చేసింది. పాడైనదాన్ని చూసి తామూ పాడైపోయాయి. ఒకే ఒక్క సర్వర్‌లో మంచి కాపీ మిగలబట్టి బతికి బయటపడ్డారు. వేలమంది కాపీలున్న లైనక్స్ సంగతి వేరు, ఎనిమిది మంది కాపీలున్న ఆఫీసు సంగతి వేరు. ఆ ఎనిమిదిలో ఎవడి ల్యాప్‌టాప్‌లో ఏ పాయ ఎప్పటిదాకా ఉందో ఎవడికి తెలుసు? కరణం లేని ఊళ్లో దస్త్రాలు జాగ్రత్త చేసే పని ఎవరిదీ కాకుండా పోతుంది.

పెద్ద కంపెనీలు అన్నీ గిట్ వాడుతున్నాయి కదా అనే వాదన కూడా పూర్తిగా నిజం కాదు. హైదరాబాద్‌లో పెద్ద పెద్ద ఆఫీసులున్న గూగుల్‌నే తీసుకోండి. 2015 నాటికి దాని కోడ్ దాదాపు మొత్తం ఒకే దస్త్రంలో ఉండేది: సుమారు 200 కోట్ల లైన్లు, 86 టెరాబైట్లు. దాన్ని ప్రతి ల్యాప్‌టాప్‌లోకీ దించుకోవడం ఎలా? అందుకని పైపర్ అని సొంత సిస్టమ్ కట్టుకున్నారు, అది మళ్లీ కరణం పద్ధతే. మైక్రోసాఫ్ట్ 2017లో విండోస్‌ని గిట్‌కి మార్చింది. 35 లక్షల ఫైళ్లు, 300 గిగాబైట్లు. గిట్ ఆ బరువు మోయలేక మూలిగితే, అడిగిన ఫైలు అడిగినప్పుడే దిగేలా కింద ఒక కొత్త పొర రాసుకోవాల్సి వచ్చింది. ఫేస్‌బుక్ మెర్క్యురియల్ తీసుకుని దాన్ని తనకు తగ్గట్టు సాగదీసుకుంది. వీడియో గేములు తీసేవాళ్లు ఇప్పటికీ పెర్‌ఫోర్స్ వాడతారు. బొమ్మల ఫైళ్లు భారీగా ఉంటాయి, పైగా ఇద్దరు గీసిన రెండు బొమ్మల్ని కోడ్ కలిపినట్టు కలపలేం కాబట్టి పాత తాళం పద్ధతే అక్కడ దిక్కు.

ఫోల్డర్ల విషయం ఒకటి మిగిలింది. సబ్‌వర్షన్‌లో ఈ ఫోల్డర్ ఫలానావాళ్లే చూడాలి అని పెట్టొచ్చు. గిట్‌లో దించుకున్నవాడికి అంతా కనబడుతుంది. దాచాలంటే వేరే దస్త్రంగా విడదీయాలి. ఎవడైనా పాస్‌వర్డ్‌ని పొరపాటున కోడ్‌లో పెట్టి పంపిస్తే, ఆ లైను చెరిపేసినా చరిత్రలో ఉంటుంది, అందరి ల్యాప్‌టాపుల్లోనూ ఉంటుంది. పాస్‌వర్డ్ మార్చుకోవడం తప్ప ఇంకో దారి లేదు.

నా తీర్పు గిట్ వైపే ఇచ్చాను. కొత్తగా చేరేవాళ్లందరికీ వచ్చింది అదే, సిగ్నల్ లేని చోట పని, ప్రతి స్టోరేజీకీ ఒక పాయ... ఈ మూడూ చాలు. కాకపోతే షరతులు పెట్టాను. ఒకటి, మొదటి మార్పు నుంచీ మొత్తం చరిత్ర వెంట రావాలి. రెండు, ఆఫీసులో ఒక కాపీని అసలు అని పేరు పెట్టి, దాంట్లో చరిత్ర తిరగరాయడం, పాయలు చెరపడం కుదరకుండా సెట్టింగు పెట్టాలి. ఎవరు ఎప్పుడు పంపించారో ఆ సర్వర్ విడిగా రాసుకోవాలి, రాత్రికోసారి దాని బ్యాకప్ ఆఫీసు బయటికి వెళ్లాలి. అంటే గిట్ ఊళ్లో మళ్లీ ఒక కరణాన్ని కూర్చోబెట్టడమే, ఈసారి ఆయన కలానికి ఎనిమిది మంది సాక్షులతో. మూడు, బల్ల కింద ముసలిదాన్ని పాత సామాన్లవాడికి ఇవ్వకూడదు. రాయడం ఆపి, చదవడానికి మాత్రం ఉంచాలి.

గిట్‌లోనే సబ్‌వర్షన్ చరిత్రని లాక్కొచ్చే పనిముట్టు ఉంది. దానికి ముందు పాత లాగిన్ పేర్లకీ అసలు మనుషులకీ ఒక జాబితా రాసివ్వాలి. ఇన్నేళ్లలో 23 లాగిన్లు తేలాయి. అందులో "ట్రైనీ1", "ట్రైనీ2" అని రెండున్నాయి. బ్యాచ్ మారినప్పుడల్లా వాటినే వాడారట. ఏ నెల ట్రైనీ1 ఎవరో గుర్తుచేసుకుంటూ మా మిత్రుడు, పాత అకౌంటెంటు జీతాల రిజిస్టరు ముందేసుకుని ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నారు. కొన్ని తేలలేదు, వాటిని ట్రైనీ అనే ఉంచారు. తర్వాత ఆ పనిముట్టు రాత్రంతా నడిచింది. ప్రతి మార్పు కింద పాత సబ్‌వర్షన్ నంబరు ఉన్న లైను ఒకటి అది చేరుస్తుంది. చూడ్డానికి వికారంగా ఉంది, తీసేద్దాం సార్ అన్నాడు ఒక కుర్రాడు. కంపెనీ కంప్లయింట్ల పుస్తకం తెరిచి చూపించాను. పేజీ పేజీకీ "1873 చూడు", "2210లో సరిచేశాం" అని ఉన్నాయి. ఆ లైన్లు తీసేస్తే పుస్తకం మొత్తం మూగబోతుంది. ఉంచారు.

1873ని పాతదాంట్లోంచీ కొత్తదాంట్లోంచీ విడివిడిగా దించి పోల్చాం. తేడా లేదు. ఇంకో ఇరవై నంబర్లు చీటీలు తీసినట్టు తీసి పోల్చారు, అవీ సరిపోయాయి.

మర్నాడు పొద్దున కొత్తదాంట్లోంచి దించిన ప్రోగ్రాము నడిపితే రసీదు ప్రింటు దగ్గర ఆగిపోయింది. గంటసేపు వెతికారు. రసీదులు తాత్కాలికంగా రాసుకునే ఫోల్డర్ లేదు. సబ్‌వర్షన్ ఖాళీ ఫోల్డర్‌ని కూడా దాస్తుంది, గిట్ ఫైళ్లను తప్ప దేన్నీ దాచదు. లోపల ఏమీ లేని ఫోల్డర్ దాని లెక్కలో లేనట్టే. కుర్రాడు అందులో ఒక ఖాళీ ఫైలు పెట్టి, "సార్ చెప్పారు" అని రాసి పంపించాడు. మా మిత్రుడు వెనక నుంచి చూసి, "ఎందుకు చెప్పానో కూడా రాయరా" అన్నాడు.